చెంబు మీద గీత

"నీళ్ళు" అంది మా అత్త.

"పాటలో ఆ మాట తీసేస్తావా?" అని అడిగాను.

"తీసేత్తే పాట నిలబడదే" అంది.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఒకటిన్నర రోజు బతికింది గానీ నోరు విప్పలేదు. నీళ్ళు ఇచ్చాను. చెంబు నిండా ఇచ్చాను. తల ఎత్తి పట్టుకుని తాగించాను. మా చెల్లెలి కూతురు సంతోషి గుమ్మంలో నిలబడి చూసింది. ఈ సంగతి అన్నిటికన్నా ముందు ఎందుకు రాయిస్తున్నానంటే, నీళ్ళివ్వని ఆడదాన్నని నా మీద ఇప్పటికే ఒక పాట ఉంది. రెండోది పుట్టకూడదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే సంతోషి రాస్తోంది. ఈ దీవుల్లో పుట్టిన మావాళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు, వాళ్ళ చదువంతా హిందీలోనే. సంతోషి సోంపేటలో చదువుకుని, మా వండూరు సంబంధం చేసుకుని వచ్చింది. "పెద్దమ్మా, పుస్తకం భాషలో పెడతాను" అంది. పెట్టుకో, మెత్తబెట్టకు అన్నాను.

మా అత్త పని ఏడవడం. మా వాళ్ళలో మనిషి పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. రాగం తీసి, పోయినవాడి తిండీ తిరుగుడూ మంచీ చెడూ చెప్పి ఏడుస్తారు. శవం లేవాలంటే ముందు ఆ ఏడుపు లేవాలి. అది ఎంతో కొంత అందరికీ వస్తుంది, కూర వండడం వచ్చినట్టు. మా అత్తకి వచ్చినట్టు ఎవరికీ రాలేదు. వండూరు నుంచి మాయాబందర్ దాకా తెలుగువాళ్ళ ఇంట్లో చావు జరిగితే ఫోను ముందు మాకు వచ్చేది, తర్వాత చుట్టాలకి వెళ్ళేది.

చావింటి గుమ్మం ఎక్కేటప్పుడు ఆమెను చూడాలి. నోట్లో అడ్డచుట్ట, నిప్పు వైపు లోపలికి పెట్టుకుని. మెట్టు దగ్గర ఆగి చుట్ట బయటికి తీసి, నిప్పును వేళ్ళతో నలిపి, చెవి వెనక దోపుకునేది. కొప్పు తనే విప్పుకునేది. కుడి అరచెయ్యి చెవికి ఆనించి, చూరు వైపు చూసి, అరవకుండా, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినంత నెమ్మదిగా "ఓలమ్మో" అని ఎత్తుకునేది. అంతే. అప్పటిదాకా గుండెలు బాదుకున్న ఆడవాళ్ళు నోరు మూసుకునేవారు. ఆమె చెప్పే నాలుగో మాటకి, గేటు బయట నిలబడ్డ బెంగాలీవాళ్ళు కూడా, భాష తెలియనివాళ్ళు కూడా, కండువాతో కళ్ళు తుడుచుకునేవారు.

ఆమె కంట మాత్రం ఒక్క చుక్క ఉండేది కాదు.

"నేనేడిస్తే గొంతు పూడుకుపోద్ది. ఏడవాల్సింది నేను కాదే, ఆళ్ళు" అనేది.

అయిపోగానే కొప్పు ముడేసుకుని, చుట్ట అంటించి, నా పక్కకి వచ్చి కూచునేది. "ఎలాగుందే?" అని అడిగేది. బాగుంది అంటే ఊరుకునేది కాదు. "ఏ మాట కాడ ఏడిసినావు?" అని అడిగేది. ఏ మాట దగ్గరో చెప్పాలి. చెప్పకపోతే ఇంటికి వచ్చాక ఆ పూట నాకు తిండి లేదు. తప్పు మాట చెప్పినా లేదు. ఆమె మనసులో ఒక మాట ఉండేది, నేను అక్కడే ఏడ్చి ఉండాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాదాపు ప్రతిసారీ అక్కడే ఏడ్చేదాన్ని.

ఒకసారి మాయాబందర్లో ఎవరో పెద్దాయన పోయాడని ఇద్దరం బస్సెక్కాం. అడవి దారిలో బండ్లన్నీ కలిసి కాన్వాయ్‌గా కదిలేదాకా ఆగాలి కదా. ఆ ఆగిన చోట బస్సులోనే పాట కట్టడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళతో కొట్టుకుంటూ, "నా తండ్రో, నా తండ్రో" అని గొణుగుతోంది. ముందు సీటులో ఉన్న ఆడమనిషి జాలిపడి, ఏమైందమ్మా అంటూ వెనక్కి తిరిగింది.

"క్యా హువా మాజీ?"

"అభీ కుఛ్ నహీ హువా. బన్ రహా హై" అంది మా అత్త, కళ్ళు తెరవకుండా. ఇంకా ఏమీ కాలేదు, తయారవుతోంది అని.

మేం చేరేసరికి పొద్దు వాలింది. శవం ఎప్పుడో వెళ్ళిపోయింది. మగవాళ్ళు స్నానాలు చేసి వస్తున్నారు. ఇంకెందుకులే అత్తా, తిరిగి పోదాం అన్నాను. "సవం నేకపోతేనేటి, మంచం ఉంది గదా" అని ఖాళీ నులకమంచం ముందు కూచుని ఎత్తుకుంది. స్నానం చేసి వచ్చిన కొడుకులు మంచం కోళ్ళు పట్టుకుని మళ్ళీ ఏడ్చారు. అప్పటికి కాస్త తేరుకున్న ఆయన ముసలి భార్య స్పృహ తప్పి పడిపోయింది. మా అత్త ఆమె వైపు ఒకసారి చూసి, నా చెవిలో "సూసినావా" అంది. జాలరి చేపని ఎత్తి చూపించినట్టు చూపించింది.

పాటలు ఊరికే రావు కదా. దానికి సరుకు కావాలి. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని పలకరింపుకు వెళ్ళేది. మంచం పక్కన కూచుని నెమ్మదిగా అడిగేది. ఏటంటే ఇష్టం బాబూ? ఏ చొక్కా ఎక్కువ తొడుగుతావు? మీ అమ్మ నిన్ను ఏటని పిలిసేది? వాళ్ళకి మొదట్లో తెలిసేది కాదు, ఎంత ప్రేమో అనుకుని చెప్పేవాళ్ళు. తెలిశాక ఆమె వీధిలోకి మలుపు తిరిగితే చాలు, రోగి ఉన్న ఇంటి తలుపులు మూసుకునేవి.

జెట్టీ దగ్గర సోములు తాత అని ఉండేవాడు. ఆయాసంతో మంచం పట్టాడు. తలుపు వేసే మనిషి లేక మా అత్త లోపలికి వచ్చేసింది.

"ఇంకా బతికే ఉన్నానే, పో" అన్నాడు తాత.

"నీకు మంచిది కట్టినాను మావా. ఇనుకుంటావేటి?"

"ఏదీ, పాడు" అన్నాడు.

పాడింది. తన చావు పాట తాను విని తాత వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనింత మంచోణ్ణా?" అని అడిగాడు. మర్నాడు గంజి తాగాడు. తర్వాత మూడేళ్ళు బతికాడు. ఆ మూడేళ్ళూ మా అత్త ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు పాత పాట పాడలేదు, కొత్తది కట్టలేదు, తలనొప్పి అని పడుకుంది.

నవ్వకు సంతోషీ, రాయి.

ఇవన్నీ ఊళ్ళో వాళ్ళకి తెలిసిన మా అత్త. నాకు తెలిసిన అత్త ఇంకొకతె. నా ఎడమ ముంజేతి మీద గుండ్రటి మచ్చ ఉంది, రేగుపండు గింజంత. పెళ్ళయిన కొత్తలో చావింటి నుంచి వస్తూ "ఏ మాట కాడ ఏడిసినావు?" అంటే, "నాకు ఏడుపు రాలేదు" అన్నాను. వయసు పొగరు. చుట్ట తిప్పి చేతి మీద పెట్టింది. "ఇప్పుడొచ్చిందా?" అని అడిగింది.

మా అమ్మ పోయినప్పుడు శవం మీద పడి ఏడుస్తున్నాను. నాకు వచ్చిన మాటలేవో నేను అంటున్నాను. పక్కన కూచుని నా తొడ గిల్లి, "రాగం తప్పుతున్నావు. అక్కడ సాగదీయకు" అంది. నా తల్లి శవం ముందు నేను రాగం సరిచేసుకున్నాను. అదీ నా బతుకు.

నాకొక ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున పోయింది. ఇంకా పేరు పెట్టలేదు. ఎంత కోపం ఉన్నా, ఎంత మచ్చ ఉన్నా, ఆ రోజు నేను మా అత్త కాళ్ళు పట్టుకున్నాను. ఒక్క నాలుగు మాటలు పాడు అత్తా అన్నాను. లోకంలో అందరి పిల్లలకీ పాడావు, నా పిల్లకి పాడు అన్నాను.

"దానికేటి పాటే?" అంది. "ఏటి తిన్నాది, ఏటి సూసినాది? పట్టుకోడానికి ఏటీ నేదు."

ఆమె తిట్టలేదు, కసరలేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. తూకం వేసి చూసింది, నా పిల్లలో సరుకు లేదు. నా పిల్లని గుడ్డలో చుట్టి, ఏడుపు లేకుండా పట్టుకుపోయారు. నేను అరిచాను అనుకో, అరుపు వేరు.

ఇక మా ఆయన సంగతి. వండూరు జెట్టీ నుంచి టూరిస్టులను తీసుకువెళ్ళే పడవలో పని చేసేవాడు. పడవ అడుగున గాజు పలక ఉంటుంది, అందులోంచి కింద పగడాలు కనిపిస్తాయి. మా ఆయన వంగుని చూపించేవాడు, "దేఖో దీదీ, ఫూల్ జైసా" అని, చూడు పువ్వులా ఉంది అని. మంచివాడు. తల్లి మాటకి ఎదురు చెప్పలేనివాడు, పెళ్ళాం ఏడిస్తే పడవ కడగడానికి వెళ్ళిపోయేవాడు. ఆ మాత్రం మంచివాడు.

నలభై దాటాక కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండు సార్లు పోర్ట్ బ్లెయిర్ తీసుకువెళ్ళి రక్తం కడిగించేవాళ్ళం. అక్కడి సిస్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "దీదీ, పానీ నాప్‌కే దేనా. నారియల్ పానీ తో బిల్కుల్ నహీ." నీళ్ళు కొలిచి ఇవ్వాలి, కొబ్బరినీళ్ళు అసలే వద్దు, గుండె ఆగిపోతుంది. నాకు కొలతలు తెలియవు. సిస్టరే ఒక ప్లాస్టిక్ సీసా తీసి, ఎర్ర గోళ్ళరంగుతో దాని మీద గీత గీసి ఇచ్చింది. పొద్దున్నుంచి పడుకునేదాకా ఇంతే అంది.

దాహం అంటే ఏమిటో ఆ మనిషిని చూస్తే తెలిసింది నాకు. పెదాలు తెల్లగా పగిలిపోయేవి. అడిగేవాడు, బతిమాలేవాడు, తిట్టేవాడు. ఒకసారి చేతులు జోడించాడు. నేను మంచుముక్క నాలిక మీద పెట్టి వంటింట్లోకి పారిపోయేదాన్ని. అక్కడ నేను కూడా నీళ్ళు తాగేదాన్ని కాదు. ఇది ఎవరికీ తెలియదు. ఏ పాటలోనూ లేదు.

మా అత్త గోడకి ఆనుకుని చుట్ట కాలుస్తూ ఇదంతా చూసేది. నేను బయటికి వస్తే అడిగేది: "ఏటని అడిగినాడే? అమ్మా అన్నాడా, ఒలే అన్నాడా?" నేను పిచ్చిదాన్ని, కన్నతల్లి బాధ అనుకుని చెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం బీచి దగ్గర పండ్ల ముక్కలు అమ్ముకుని ఇంటికి వచ్చాను. పెరట్లో మా అత్త చేపలు తోముతోంది. పొలుసు గీకుతూ సన్నగా రాగం తీస్తోంది. "నా కొడకో, గాజు పడవ నా నాయినో" అని వినిపించింది. ముందుగదిలో మంచం మీద ఆయన కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. అన్నీ వింటున్నాడు.

ఆయన చెవులు మూద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చెయ్యి పక్కకి నెట్టేశాడు.

"అమ్మ నాకు కడతంది" అన్నాడు. నవ్వు మొహంతో అన్నాడు. "బాగుంది. ఇంకా సివర కుదర్నేదు."

నేను పెరట్లోకి వెళ్ళి ఆమె చేతిలో కత్తి లాగి పారేశాను. "బతికున్న కొడుక్కి పాట కడతావా? నువ్వు మనిషివేనా?"

"ఆడు పోయినాక నాకు ఊపిరాడుద్దేటే? అప్పుడేటి కడతాను?" అంది. కత్తి వెతుక్కుంది. మళ్ళీ పొలుసు గీకింది.

ఆ మాట మీద నేను ఇన్నేళ్ళు ఆలోచించాను. ఒక్కోసారి అది ప్రేమేనేమో అనిపిస్తుంది. మరుక్షణం ముంజేతి మచ్చ కనిపిస్తుంది.

పది రోజుల తర్వాత మళ్ళీ అలాగే బీచి నుంచి వచ్చాను. మంచం కింద తల కొట్టిన లేత కొబ్బరిబొండం, పక్కన ఇంకొకటి. రెండూ ఖాళీ. ఆయన పెదాలు తడిగా ఉన్నాయి, మొహం ప్రశాంతంగా ఉంది. ఆరునెలల్లో అంత హాయిగా ఆయన్ని చూడలేదు.

"ఎవరిచ్చారు?"

"నా కొడుకు అడిగినాడు, ఇచ్చినాను" అంది అత్త.

సాయంత్రానికి ఆయాసం వచ్చింది. జీపులో వేసుకుని పోర్ట్ బ్లెయిర్ బయల్దేరాం. గారచర్మ రాకముందే నా ఒళ్ళో పోయాడు. డాక్టరు గుండె ఆగింది అన్నాడు. ఎందుకు ఆగిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బొండాలే చంపాయని నేను ప్రమాణం చేసి చెప్పను. ఆ ఒళ్ళు ఎలాగూ ఎన్నాళ్ళో నిలిచేది కాదు. ఇచ్చింది ఎవరో, ఇవ్వనిది ఎవరో మాత్రం ఇంట్లో ఇద్దరికే తెలుసు.

మర్నాడు శవాన్ని వరండాలో పెట్టారు. మా బస్తీ అంతా ఉంది, జెట్టీ మొత్తం వచ్చింది. మా అత్త చుట్ట తీసి చెవి వెనక దోపింది. కొప్పు విప్పింది. చెయ్యి చెవికి పెట్టింది.

ఓలమ్మ నా కొడకో, గాజు పడవ నా నాయినో,
ఊరూరోళ్ళకి నువ్వు ఉప్పునీళ్ళ పువ్వులు సూపినావు,
సుట్టూరా నీళ్ళేరా, నీ నాలిక తడవనేదురా.
సంద్రం నిండా నీళ్ళోసి దేవుడు గీత గియ్యనేదురా,
సెంబు మీద గీత గీసినాదిరా నీ యిల్లాలు.

రాసావా? మళ్ళీ చెప్పను.

ఆ ఆఖరి మాట పడగానే వరండా అంతా ఒక్కసారి ఊగిపోయింది. మగవాళ్ళు గోడ వైపు తిరిగారు. పడవ ఓనరు భయ్యా తల పట్టుకుని కూలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే తలలు తిప్పి నన్ను చూశారు. నేను ఏం చేస్తున్నానో తెలుసా? ఏడుస్తున్నాను. అందరికన్నా ఎక్కువ ఏడుస్తున్నాను. ఆ మాట నన్ను నిలువునా నరికేసింది, అయినా అంత బాగుంది ఆ మాట. నా మొగుడి కోసం అప్పటిదాకా గడ్డకట్టుకుపోయిన నా గుండె ఆ మాట దగ్గరే కరిగింది. ఆడవాళ్ళేమో ఆ ఏడుపు తప్పు చేసినదాని ఏడుపు అనుకున్నారు.

శవం లేచింది. మగవాళ్ళు వెళ్ళారు. మా అత్త కొప్పు ముడేసుకుని చుట్ట అంటించి నా పక్కన కూచుంది.

"ఏ మాట కాడ ఏడిసినావు?"

కన్నకొడుకు శవం వీధి మలుపు కూడా దాటలేదు.

"గీత కాడ" అన్నాను.

తల ఊపింది. పరీక్ష పాసయ్యానన్నట్టు నా వీపు మీద తట్టింది.

తర్వాత అడిగాను. "అది చెంబు కాదు, సీసా. గీసింది నేను కాదు, సిస్టరు. నీకు తెలుసు కదా?"

"సీసా అంటే ఎవులేడుత్తారే?" అంది.

"బొండాల మాట ఏది?"

"పాటలో రెండు రకాల నీళ్ళు పట్టవు" అంది.

అప్పట్నుంచి వండూరులో నాకు పేరు లేదు. కుళాయి దగ్గర "గీత గీసినామె" అంటే నేనే. పెళ్ళిళ్ళలో వడ్డన చేస్తాను, కూర వేస్తాను, పులుసు పోస్తాను. నీళ్ళ జగ్గు మాత్రం ఎవరో ఒకరు నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంటారు. "నువ్వు కూచో దీదీ, మేం పోస్తాం" అంటారు. మర్యాదగానే అంటారు. పదిహేనేళ్ళ పైమాటే, నా చేతి నీళ్ళు ఇంకొక మనిషి గొంతులో పోసుకోలేదు, మా అత్త తప్ప.

అవును, ఆమె తాగేది. నా చేతి తిండి తిని, నా చేతి నీళ్ళు తాగి, వచ్చినవాళ్ళకి ఆ పాట పాడి వినిపించేది. చావు అక్కర్లేదు, ఒక టీ ఇస్తే చాలు పాడేది. ఆ టీ నేనే పెట్టేదాన్ని. గీత దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ళు కప్పు కింద పెట్టేసేవారు. నేను ఆ కప్పులు ఎత్తుకునేదాన్ని.

లంబాలైన్లో ఉండే తెలుగు టీచరమ్మ అలాగే వచ్చి ఆ పాటని ఫోనులో పట్టుకుంది. మా ఏడుపు పాటలన్నీ పుస్తకం వేస్తోంది. మంచి మనిషి. అత్త ఇంకా మంచంలో ఉండగా నన్నూ సంతోషినీ వాళ్ళింటికి పిలిచింది. విమానాశ్రయం పక్కనే ఇల్లు, విమానం దిగితే గ్లాసులు అదురుతాయి. పాట పెట్టింది. సరిగ్గా దేవుడు గీత గియ్యలేదు అన్న చోట విమానం వచ్చింది. టీచరమ్మ ఫోను ఆపి, చప్పుడు పోయేదాకా వేలు గాల్లో పెట్టుకుని కూచుంది. నేను మొగుడి శవం పక్కన కూచున్నట్టే కూచున్నాను. చప్పుడు పోయాక వేలు ఆనించింది. గీత వచ్చింది.

"ఇలాంటి పాట నేను ఇంతవరకూ వినలేదమ్మా. పుస్తకంలో మొదటి పాట ఇదే. ఇంటివాళ్ళుగా మీ సంతకం కావాలి" అంది.

నేను నోరు తెరిచి మొదటిసారి బయటి మనిషికి చెప్పాను. సీసా గురించి, సిస్టరు గురించి, బొండాల గురించి, నా పిల్ల గురించి. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత అంది:

"మీ బాధ నాకు తెలుస్తోంది. కానీ మనిషి వేరు, పాట వేరు అమ్మా. మనిషి ఎలాంటిదైనా పాట గొప్పది."

"మీకు వేరే" అన్నాను. "నేను పాట లోపల ఉన్నాను టీచరమ్మా. నేనెలా బయటికి రాను?"

"పుస్తకంలో మీ పేరు ఉండదు కదా!"

"ఆయన పేరు ఉంటుంది కదా. ఆయనకి ఎంతమంది ఇల్లాళ్ళు?"

ఆమె లేచి వెళ్ళి టీ తెచ్చింది. ఇప్పటిదాకా ఆ గీత మాట విన్నవాళ్ళు మా వండూరు వాళ్ళు, మా వరండాలో కూచున్నవాళ్ళు. వాళ్ళు పోతే అదీ పోతుంది. పుస్తకంలో పడితే, నేను పోయినా నా చేతిలో ఖాళీ చెంబు ఉంటుంది. ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని మనిషి చదివి ఛీ అంటుంది. అందుకే అత్తను అడిగాను, ఆ మాట నీ నోటితో తీసెయ్యి, ఇంకోటి పెట్టు, నీకు మాటలకి కరువా అని. ఒక్కసారి కాదు, నెల రోజులు అడిగాను, ఒళ్ళు తుడుస్తూ, మలం ఎత్తుతూ. ఆఖరిసారి అడిగింది మొదట్లో రాయించాను. ఆమె చెప్పిన జవాబూ రాయించాను.

ఆ జవాబులో ఒక్క మాట అబద్ధం లేదు. నేను పరీక్ష చేశాను. ఆమె పోయిన వారానికి పెరట్లో చేపలు తోముతూ, నాకే తెలియకుండా ఆ పాట ఎత్తుకున్నాను. గీత దగ్గర ఆపి, వేరే మాట పెట్టాను. "సిస్టరమ్మ గీత గీసినాదిరా" అన్నాను. నవ్వొచ్చింది. "సీసా మీద గీత ఉన్నాదిరా" అన్నాను. బజారు మాటలా ఉంది. ఏమీ పెట్టకుండా ఆపేశాను. పాట ఒంటికాలి మీద నిలబడి పడిపోయింది. చివరికి ఆమె మాటే పెట్టాను. పొలుసు చేతులతోనే కూలబడి ఏడ్చాను. ముసలిదానికి తెలుసు. నన్ను పాటకి బలి ఇచ్చిందని నాకు తెలుసు, నేను బలి కాకపోతే ఆ పాట లేదని కూడా తెలిసింది. ఆ రెండోది తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు ఆమె పోయిన రోజు చెబుతాను. ఆడవాళ్ళందరూ చేరారు. శవం పక్కన చోటు వదిలి నా వైపు చూశారు. వాళ్ళకి తెలుసు, ఆ రాగాలన్నీ నా గొంతులో ఉన్నాయని. "ఎత్తుకోవే. అందరికీ ఏడిసిన మనిషి. కోడలు ఎత్తుకోకపోతే సవం ఎలాగ లేత్తాది?" అంది మా పక్కింటి అప్పలమ్మ.

నేను కొప్పు విప్పలేదు.

"ఆమెకేటి పాట?" అన్నాను. "పట్టుకోడానికి ఏటీ నేదు."

ఎవరికీ అర్థం కాలేదు. నా పిల్లకి అర్థమై ఉంటుంది. ఇంకెవరో ఎత్తుకోబోయి, ఆమె శవం ముందు రాగం తప్పుతుందన్న భయంతో ఆగిపోయారు. మగవాళ్ళు కాసేపు చూసి, గడియారం చూసి ఎత్తేశారు. పాట లేకుండా మా ఇంట్లోంచి లేచిన శవాలు రెండు. ఒకటి నా కూతురిది, ఒకటి ఆమెది.

పది రోజులు పోయాక టీచరమ్మ వచ్చింది. "అందరికీ కట్టిన మనిషి కదా, తన మీద తాను ఏమీ కట్టుకోలేదా?" అని అడిగింది. లేదు అన్నాను.

టీచరమ్మా, ఇది మీకు చెబుతున్నాను. అబద్ధం ఆడాను. ఉంది. రెండేళ్ళు మంచంలో పడి కట్టుకుంది. "నాకు నువ్వే పాడాల, ఇంకెవులు పాడినా సెడగొడతారు" అని నాకు ఒక్కొక్క మాటా నేర్పింది. నేను పక్కగుడ్డలు మారుస్తుంటే పైనుంచి రాగం చెప్పేది, తప్పితే విసనకర్ర కాడతో కొట్టేది. మొత్తం వచ్చు నాకు. కొడుకు పాట దాని ముందు ఎందుకూ పనికిరాదు. నా పిల్ల కూడా ఉంది అందులో, ఒక్క మాటలో. పట్టుకోడానికి ఏమీ లేదన్న మనిషి ఎక్కడ పట్టుకుందో, ఎన్నేళ్ళకి పట్టుకుందో. ఆ మాట మీకు చెప్పను.

మీరు మనిషి వేరు, పాట వేరు అన్నారు కదా. నేను వేరు చేశాను. మనిషిని పట్టుకెళ్ళి కాల్చేశారు. పాట నా దగ్గర ఉంది. నాతోనే కాలుతుంది.

కొడుకు పాట మాత్రం వేసుకోండి. గీత తియ్యకండి, తీస్తే నిలబడదు. సంతకం పెడతాను. కానీ ఆ పాట ఉన్న పేజీకి ఎదురు పేజీలో ఈ ముక్కలు ఉండాలి, సీసాతో సహా, రెండు బొండాలతో సహా. అక్కడ చదివి ఏడ్చినవాళ్ళు ఇక్కడికి వచ్చి ఇది కూడా చదవాలి. చదివాక ఎవరిని ఛీ అంటారో వాళ్ళ ఇష్టం. ఒప్పుకోకపోతే సంతకం లేదు.

అయిపోయింది. సంతోషీ, ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు. పాట వచ్చిన చోట రాగం తియ్యకు. ఊరికే చదువు.